పాస్టరుగారి నల్లపన్ను

మా నాన్న నాకు పెళ్ళి చేసింది ఒక పన్నును చూసి. ఆయన మిషన్ బడిలో హెడ్మాస్టరు. పెళ్ళికొడుకు బైబిలు స్కూలు చదువు ముగించుకుని కొత్తగా పాస్టరయ్యాడు. మా ఇంటికొచ్చి కూర్చుని నవ్వితే పైవరసలో, ముందుపళ్ళకు ఎడమపక్కన, నేరేడుగింజ రంగులో ఒక పన్ను కనిపించింది. రాయి దెబ్బ అని తేలింది. వీధిలో నిలబడి సువార్త చెబుతుంటే ఎవరో రాయి విసిరారట. మా నాన్న ఇక జీతం అడగలేదు, ఇల్లూ పొలమూ అడగలేదు. ప్రభువు కోసం దెబ్బ తిన్నవాడు అల్లుడుగా దొరకడం మాటలా అని వారంలో సంబంధం ఖాయం చేశాడు.

నేనూ ఆ పన్నును చూసి గర్వపడ్డాను. నెల్లూరులో పాస్టర్ల భార్యలందరం కలిసినప్పుడు ఒకామె తన భర్త బి.ఏ. అని చెప్పుకునేది, ఇంకొకామె తన భర్తకు మిషన్ దొరగారు సొంత సైకిలే ఇచ్చి వెళ్ళారని చెప్పుకునేది. నేను మాత్రం తల వంచుకుని కూర్చునేదాన్ని. ఎవరో ఒకరు, “ఆమె భర్తకు రాళ్ళ దెబ్బలు తగిలినాయంట,” అనేదాకా ఆ తల ఎత్తేదాన్ని కాదు. ఒక్క రాయి అలా రాళ్ళయినందుకు నేనేమీ అభ్యంతరం చెప్పలేదు.

యాభైలు ముగిసి అరవైలు వచ్చేనాటికి మేము ఇందుకూరుపేటకు కొద్ది దూరంలో, సముద్రానికి రెండు మూడు మైళ్ళ ఇవతల, ఒక ఊరి సంఘంలో ఉన్నాం. సంఘమంటే వ్యవసాయం చేసుకునేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, ఒక దర్జీ, ఒక వడ్రంగి. సంఘపెద్ద రైసుమిల్లులో మేనేజరు. మితంగా మాట్లాడే మనిషి. ఊళ్ళో మద్యనిషేధ సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు. మా ఆయన ప్రసంగం మొదలుపెడితే గంటన్నరకు తక్కువ ఉండదు. మేము ఆ ఊరికి వచ్చిన రెండో నెలలో సంఘపెద్ద మందిరానికి ఒక గోడగడియారం కానుకగా ఇచ్చి, సరిగ్గా వేదికకు ఎదురుగా, మా ఆయన కళ్ళకు ఆనేటట్టు కొట్టించాడు. మా ఆయన ఆ కానుక కోసం దేవునికి స్తోత్రం చెప్పి, ఆ రోజు ఇంకో పావుగంట ఎక్కువ మాట్లాడాడు.

ఆ వేసవిలో సంఘపెద్ద భార్యకు టైఫాయిడు వస్తే ఆయన బండి కట్టించి నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆ ఆదివారమే మా ఆయన స్వస్థత గురించి ప్రసంగం చేశాడు. విశ్వాసం చాలనివాళ్ళే సూదిమందు వెంట పరుగెత్తుతారన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అనలేదని తర్వాత నాతో చెప్పాడు. నిజమే కావచ్చు, కానీ ఆ రోజు మా ఊరివాళ్ళలో ఆస్పత్రిలో ఉన్నది ఆవిడ ఒక్కతే. సంఘపెద్ద నెల్లూరు నుంచి వచ్చి ఆ మాట విన్నాడు. ఆ తర్వాతి ఆదివారం పెందలాడే వచ్చి గడియారానికి కీ ఇచ్చి కూర్చున్నాడు.

నాలుగు నెలలు గడిచాయి. మా ఆయన అద్దం ముందు పైపెదవి ఎత్తిపట్టుకుని చూసుకోవడం అప్పుడప్పుడూ నా కంటపడేది. నల్లపన్నుకు పైన, చిగురు మీద, కందిగింజంత గట్టిగా ఏదో లేచింది.

“ఏముందండీ అక్కడ?” అన్నాను.

“ఏమీ లేదు. నొప్పి లేదు,” అని పెదవి వదిలేశాడు.

నొప్పి లేదు కాబట్టి ఏమీ లేదన్నది ఆయన సిద్ధాంతం. కందిగింజ బటానీగింజ అయింది. అప్పటికీ నొప్పి లేదు.

ఉజ్జీవ కూటాలు పెట్టుకున్నాం. మూడు సాయంత్రాలు. తాటాకు పందిరికి గుంజలు కూడా పాతారు. ముఖ్య ప్రసంగీకుడు మా ఆయనే అని కరపత్రాలు అచ్చువేసి చుట్టుపక్కల ఊళ్ళలో పంచారు. ఇంక మూడు వారాలు కూడా లేవనగా ఒక మంగళవారం ఉదయం ఆయన లేచేసరికి పైపెదవి ఎడమవైపు బూరెలా పొంగి ఉంది. బుధవారానికి ముక్కు పక్కన పల్లం పూడిపోయింది. గురువారానికి ఎడమకన్ను సగమే తెరుచుకుంది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒక జబ్బు పేరు పెట్టారు. గవదబిళ్ళలని టీచర్లు తేల్చారు. గవదలు చెవుల కింద వస్తాయి కదా అంటే, పెద్దవాళ్ళకు ఎక్కడైనా రావచ్చన్నారు. పురుగు కుట్టి ఉంటుందని వడ్రంగి అన్నాడు. దిష్టి అని ఆడవాళ్ళు అన్నారు కానీ, క్రైస్తవులం కాబట్టి నెమ్మదిగా అన్నారు. కరపత్రం మీద ఆయన పేరు అంత పెద్ద అక్షరాలతో వేయడమే తప్పని ఒకామె నా చెవిలో చెప్పింది.

పన్ను సంగతి ఎత్తింది ఒక్కతే. మైపాడు వైపు నుంచి రోజూ చేపలు తెచ్చే మనిషి. ఆమె గంప దించి, గడప అవతలి నుంచే మా ఆయన మొహం కాసేపు చూసింది.

“పంటి కింద చీము పట్టిందమ్మగోరూ. మా ఇంటాయనకీ ఇట్టనే వాచద్ది, పోద్ది,” అంది.

“పన్ను నొప్పే లేదు. పన్నెట్టా అవుతుంది?” అన్నాడు మా ఆయన, వాచిన పెదవి వెనకనుంచి.

“సచ్చిన పన్నుకు నొప్పేందయ్యా?” అని ఆమె చేపలు తూకం వేయడంలో పడింది.

దేవుడి సేవలో దెబ్బతిన్న పన్నును చచ్చిన పన్ను అన్నందుకు నాకు కోపం వచ్చింది. ఆ రోజు చేపలు తీసుకోలేదు. సాయంత్రం పప్పు తింటూ, ఆమె అన్నదాంట్లో తప్పేముందా అని ఆలోచించాను.

ఆదివారం వచ్చింది. పెదవి కదలదు. ప, బ, మ పలకబోతే గాలి తప్ప అక్షరం రావడం లేదు. ‘పాపులారా’ అంటే ‘హాహులారా’ అని వస్తోంది. శనివారమంతా కూర్చుని పెదవులతో పనిలేని మాటలతో ఒక ప్రసంగం రాయాలని ఆయన చూశాడు. పాపం, ప్రభువు, ప్రేమ, బాప్తిస్మం, మారుమనసు, మోక్షం — మా మతంలో ముఖ్యమైన మాటలన్నీ పెదవులు కలిపి పలికేవేనని ఆ రోజు మా ఇద్దరికీ తెలిసింది. అవన్నీ తీసేస్తే నరకాగ్ని ఒకటి మిగిలింది. దానిమీద పద్నాలుగు నిమిషాలు మాట్లాడి కూర్చున్నాడు.

జనం లేవలేదు. అయిపోయిందని వాళ్ళకు తెలియలేదు. సంఘపెద్ద లేచి ముగింపు ప్రార్థన చేశాక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ, వేళకాని వేళ బడి వదిలిన పిల్లల్లా బయటికి నడిచారు. ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, “ఈ దినం వాక్యం మనసుకు బాగా అందిందమ్మా,” అంది. ఈ మాట నేను ఆయనకు చెప్పలేదు.

మధ్యాహ్నం ఎవరో చెప్పారని వేడి ఉప్పుమూటతో కాపడం పెట్టాం. దాంతో చీము మేలుకుంది. అప్పటిదాకా రాని నొప్పి ఒక్కసారిగా వచ్చింది. సోమవారం పొద్దున్నకు ఒళ్ళు కాలిపోతోంది. చిగురు నుంచి ఉప్పగా ఏదో కారి నోరంతా కంపు. అయినా నెల్లూరు మాట ఎత్తితే చేత్తో వద్దని ఊపుతాడు. నొప్పికి, జ్వరానికి భయపడటం లేదు. తన ప్రసంగానికి తానే భయపడుతున్నాడు.

నేను కొంగు దోపుకుని రైసుమిల్లుకు వెళ్ళాను.

సంఘపెద్ద నన్ను కూర్చోబెట్టి అంతా విన్నాడు. తర్వాత ఎంతో వినయంగా అన్నాడు: “అయ్యగారే చెప్పినారు గదమ్మా, విశ్వాసం చాలనోళ్ళే సూదిమందు ఎంట పోతారని. అట్టాంటాయన్ని నేను డాక్టరు దగ్గిరికి పొమ్మంటే బాగుంటదా?”

నాలుగు నెలలుగా ఆ మాటను ఆయన ఎంత జాగ్రత్తగా దాచుకున్నాడో అప్పుడు అర్థమైంది.

“విశ్వాసం సంగతి దేవుడు చూసుకుంటాడు,” అన్నాను. “కూటాల సంగతి ఎవరు చూస్తారు? కరపత్రాలు పంచినారు. మూడు దినాలు ఆయన బదులు మీరు మాట్లాడతారా?”

సంఘపెద్ద మొహంలో రంగు మారింది. ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. తీర్మానం రాసి మా ఇంటికి పంపారు. “ఉజ్జీవ కూటముల నిమిత్తము అయ్యగారి నోరు సంఘమునకు అత్యవసరమై యున్నందున, వారు వెంటనే నెల్లూరు వెళ్ళి పండ్ల వైద్యునికి చూపించుకొనవలెనని సంఘము ఏకగ్రీవముగా ఆజ్ఞాపించుచున్నది.” మా ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. సంఘం ఆజ్ఞకు లోబడటం విశ్వాసం చాలకపోవడం కాదు గదా అన్నట్టు నా వైపు చూసి, చొక్కా తొడుక్కోవడానికి లేచాడు. బస్సు తెల్లారితేగాని లేదని చెప్పి కూర్చోబెట్టాను.

మంగళవారం కమిటీ తరఫున సంఘపెద్ద కూడా మాతో బస్సెక్కాడు.

నెల్లూరులో పళ్ళ డాక్టరు మద్రాసులో చదివి వచ్చిన కుర్రవాడు. నెమ్మదస్తుడు. మా ఆయన్ని వాలుకుర్చీలో పడుకోబెట్టి, సన్నటి ఇనప పుల్లతో ఒక్కొక్క పన్నునూ తట్టాడు. తట్టినప్పుడల్లా మా ఆయన ఉలిక్కిపడ్డాడు. నల్లపన్ను మీద చల్లటి దూది పెడితే మాత్రం ఏమీ తెలియలేదన్నాడు. తర్వాత ఎక్స్‌రే తీశారు. ఆ చిన్న ఫిల్మును వెలుతురుకు పట్టి డాక్టరు మా అందరికీ చూపించాడు. పన్ను వేరు కొసన, ఎముక ఉండాల్సిన చోట, రేగుపండంత గుండ్రటి నల్లమచ్చ.

“ఈ పన్ను లోపల చచ్చిపోయి చాన్నాళ్ళయిందండి,” అన్నాడు. “అట్టా చచ్చిన పన్ను వేరు కొసన ఒక్కోసారి తిత్తి కడతది. అందులో నీరు చేరి ఏళ్ళ తరబడి పెరుగుతానే ఉంటది. నొప్పి ఉండదు. చుట్టూ ఎముకను మాత్రం తినేస్తది. ఇప్పుడా నీళ్ళలో క్రిములు పడి చీమైంది. అందుకే ఈ వాపు, జ్వరం.”

చేపలామె చెప్పిందీ ఇదే. అయితే ఆమె దగ్గర ఎక్స్‌రే లేదు.

“ఈ పంటికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?” అని డాక్టరు అడిగాడు.

మా ఆయన నోట్లో అద్దం ఉంది. సంఘపెద్ద ఆయన తరఫున ముందుకొచ్చాడు. “తగిలింది డాక్టరుగారూ. సువార్త చెప్తా ఉంటే రాయేసి కొట్టినారు.”

డాక్టరు పెదవి ఎత్తి చూశాడు, దించి చూశాడు. “ఎదురుగా వచ్చి తగిలిందా?”

“ఎదురుగానే,” అన్నాను నేను, చూసినదానిలాగా.

“ఎదురుగా వస్తే ముందు పెదవి చీలాల. పెదవి మీద మచ్చ లేదు. పన్ను కొస విరిగిన తీరు చూస్తే నోరు బాగా తెరిచి ఉండంగా తగిలినట్టుంది.”

“సువార్త చెప్పేటప్పుడు నోరు తెరిచే గదండీ ఉండేది,” అన్నాడు సంఘపెద్ద.

“ఆకాశం వైపుకా?” అన్నాడు డాక్టరు.

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు. ఎన్నేళ్ళనాటి దెబ్బో, ఎట్టా తగిలిందో తెలిస్తే పక్క పళ్ళు కూడా చూడాలో లేదో తెలుస్తుందని చెప్పాడు. మా ఆయన చెయ్యెత్తి, నోట్లోని అద్దం తీయమని సైగ చేశాడు. లేచి కూర్చున్నాడు. మా ఇద్దరివైపూ కాకుండా కిటికీ వైపు చూస్తూ, వచ్చీరాని అక్షరాలతో చెప్పాడు.

ఆయనకు పందొమ్మిదేళ్ళు. బైబిలు స్కూల్లో ఉన్నాడు. అప్పటికింకా మద్యనిషేధం రాలేదు. ఒక మధ్యాహ్నం ముగ్గురు స్నేహితులు తాటితోపు పక్కనుంచి నడిచిపోతుంటే చెట్టుమీద కల్లుకుండ కనిపించింది. రాయి విసిరి కుండకు చిల్లి పెడితే కల్లు ధారగా కారుతుందని ఒకడు అన్నాడు. విసరడం ఒకడి వంతు. ఎవరైనా వస్తున్నారేమో చూడటం ఒకడి వంతు. చెట్టు కింద నోరు తెరుచుకుని నిలబడటం మా ఆయన వంతు.

“రాయి ముందొచ్చింది,” అని ముగించాడు.

ఊళ్ళో మద్యనిషేధ సంఘం అధ్యక్షుడు గోడమీది పళ్ళ బొమ్మను ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

“మరి కల్లో?”

“రాలేదు. కుండకు తగల్లేదు,” అన్నాడు మా ఆయన.

డాక్టరు తల ఊపి, “అయితే పక్క పన్ను కూడా చూడాల,” అని తన పనిలో పడ్డాడు. చిగురుకు సూదివేసి, గాటు పెట్టి చీము తీశాడు. ఆ వాసనకు సంఘపెద్ద బయటికి వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. గిన్నె పట్టుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను గర్వపడినదంతా పచ్చగా, చిక్కగా ఆ గిన్నెలోకి కారుతుంటే చూస్తూ నిలబడ్డాను. పెన్సిలిన్ సూదులు ఐదు రోజులు వేయించుకోమని, వాపు తగ్గాక సోమవారం వస్తే పన్ను పీకి తిత్తిని తీసేస్తానని డాక్టరు చెప్పాడు. సూదిమందు అన్న మాట వినగానే, అప్పుడే లోపలికి వచ్చిన సంఘపెద్ద, “ఇందుకూరుపేటలో నేను దగ్గరుండి వేపిస్తానండీ,” అన్నాడు. ఐదు రోజులూ అలాగే దగ్గరుండి వేయించాడు. ఒక్కరోజు కూడా తప్పలేదు.

బస్సులో నేను ఆడవాళ్ళ సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి గంజి కాచి ముందు పెట్టాను. ఆయన తాగలేదు.

“మా నాన్నతో అబద్ధం చెప్పినారు,” అన్నాను.

“అబద్ధం చెప్పలేదు. పంటికేమైందన్నారు. రాయి తగిలిందన్నాను. ‘సువార్త చెప్తుంటేనా?’ అన్నారు. అప్పటికే మీ అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటా ఉంది.”

“మీరేమన్నారు?”

“కాదని అనలేకపోయినాను. లోపల గదిలో నువ్వు కనబడినావు.”

నాకు కోపం ఎంత వచ్చిందో నవ్వూ అంతే వచ్చింది. రెంటిలో ఏదీ బయటపెట్టకుండా గంజి చల్లారిపోతోందని చెప్పి లోపలికి వెళ్ళాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకూ మాట్లాడే నోరు లేదు కాబట్టి ఇంట్లో తేడా ఏమీ తెలియలేదు. మా నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. ఉంటే ఈ సంగతి చెప్పేదాన్నా అని ఆలోచించి చూశాను. చెప్పేదాన్ని కాదు. నేనూ కాదనలేనిదాన్నే.

సోమవారం పన్ను పీకారు. పక్క పన్ను బాగానే ఉందని తేలింది. చిగురు విప్పి, వేరు కొసన ఉన్న తిత్తిని వొలిచి తీసి, డాక్టరు నాకు చూపించాడు. నలిగిన ద్రాక్షతొక్కలా ఉంది. ఇంతదాని కోసమా ఊరంతా ప్రార్థనలు చేసింది అనిపించింది. కుట్లు వేయించుకుని ఆయన నా భుజం పట్టుకుని మెట్లు దిగాడు.

కూటాలు శుక్రవారం మొదలయ్యాయి. పెదవి కదిలింది. ప, బ, మ తిరిగి వచ్చాయి. కానీ ముందుపళ్ళ పక్కన సందు పడటంతో స వచ్చిన చోటల్లా సన్నగా ఈల వినిపించేది. ‘సర్వసృష్టి’ అన్నప్పుడల్లా ముందువరసలో పిల్లలు నవ్వాపుకోలేక నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. రెండో సాయంత్రం ఆయన సాక్ష్యం చెప్పాలి. ప్రతి ఏడూ అందులో రాయి వచ్చేది. జనం దానికోసమే చూస్తారు. ఆ ఏడు ఆయన పుట్టుక చెప్పాడు, చదువు చెప్పాడు, రాయి దగ్గరకొచ్చి దాన్ని దాటి వెళ్ళిపోయాడు. జనానికి నచ్చలేదు. ఆపరేషనుతో అయ్యగారిలో ఆత్మబలం తగ్గిందని దర్జీ బయట అన్నాడట. మూడో సాయంత్రం మా ఆయన డాక్టర్ల కోసం, నర్సుల కోసం, సూదులు వేసేవాళ్ళ కోసం పేరుపేరునా ప్రార్థన చేశాడు. వెనకనుంచి ఒక ‘ఆమేన్’ గట్టిగా వినిపించింది. సంఘపెద్ద అంత గట్టిగా ఆమేన్ అనడం ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ వినలేదు.

నల్లపన్ను నిజం సంఘపెద్ద ఎవరికీ చెప్పలేదు. అంత పెద్దమనిషి. అయితే ఆ తర్వాత ప్రసంగం గంట దాటితే గడియారం వైపు చూసేవాడు కాదు. చూపుడువేలితో తన పైపన్నును ఒకసారి తడుముకునేవాడు. మా ఆయన రెండు నిమిషాల్లో ముగించేవాడు. ఈ ఏర్పాటు వల్ల సంఘంలో ఆదివారం హాజరు కొద్దిగా పెరిగింది.

పోయిన పన్ను మా ఆయన్ని ఇంకోరకంగా మార్చింది. ఆయన పంటివైద్యంలో పండితుడయ్యాడు. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీస్తే ఆ గుంటలో ఎముక చాలావరకు పూడిందని డాక్టరు సంతోషించాడు. మొదట తీసిన ఫిల్మును మా ఆయన అడిగి తెచ్చుకుని ఇళ్ళ దర్శనాలకు వెంట తీసుకుపోయేవాడు. ప్రార్థనకు ముందు ఇంటిల్లిపాదినీ వెలుతురులో కూర్చోబెట్టి, ఎవరికైనా పన్ను నల్లబడిందా, చిగురు మీద గింజ లేచిందా అని నోళ్ళు తెరిపించి చూసేవాడు. నొప్పి లేకపోవడాన్ని నమ్మవద్దని చెప్పేవాడు. ఆయన వస్తున్నాడంటే కొందరు పొలానికి పోయేవాళ్ళు. అయినా చేపలామె భర్తను ఒప్పించి నెల్లూరు తీసుకుపోయి, చీము పట్టిన దవడపన్ను తీయించింది ఆయనే. ఆ తర్వాత ఆమె నా దగ్గర చేపలు తూచేటప్పుడు ముల్లు కాస్త మా వైపుకే మొగ్గేది.

ఒకరోజు ఆయన వెంట నేనూ దర్శనాలకు వెళ్ళాను. తోటపల్లి గూడూరు వైపున్న ఒక పల్లెలో, ఒక అవ్వ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఆయన సంచిలోంచి ఫిల్ము తీశాడు. వేరు చూపించాడు, తిత్తి పెరిగే తీరు చెప్పాడు, క్రిములు పడే తీరు చెప్పాడు. అవ్వ ఓపిగ్గా విన్నది. చివరికి నోరు తెరవమన్నాడు.

అవ్వ తెరిచింది. “నాకు పళ్ళు పోయి పదేండ్లయింది నాయనా,” అంది.

మా ఆయన ఫిల్మును జాగ్రత్తగా కవర్లో పెట్టి, “అయితే ప్రార్థన చేసుకుందాం,” అన్నాడు.